పిల్లల కాళ్లు ఎక్కడ విరుగుతున్నాయి?

మా ఆత్మకూరు బస్టాండు ముందు సాయంత్రం ఐదు గంటలప్పుడు ఓ పావుగంట నిలబడి చూడండి. బండి వెనక బండి. ఒక్కో బండి మీద ఒక్కో సంసారం. పెట్రోలు ట్యాంకు మీద పెద్దపిల్ల, హ్యాండిలు పట్టుకుని ఆయన, మధ్యలో ఇరికించినట్టు చిన్నవాడు, వెనకాల ఒకవైపుకు కూర్చుని ఒక చేత్తో కొంగూ, ఇంకో చేత్తో కూరగాయల సంచీ పట్టుకుని ఆవిడ. అందరం వాళ్ల మొహాల వంకే చూస్తాం. ఈసారి కాస్త చూపు కిందికి దించండి. మధ్యలో కూర్చున్న ఆ చిన్నవాడి పాదాలు ఎక్కడున్నాయో చూడండి. ఫుట్‌రెస్టు వాడికి అందదు. పాదాలు గాల్లో వేలాడుతుంటాయి. గాల్లో అంటే వట్టి గాల్లో కాదు, గిర్రున తిరిగే వెనక చక్రానికి జానెడు దూరంలో.

నేను డాక్టర్ని కాను. డిగ్రీ చదివి, పెళ్లి చేసుకుని, వంటిల్లూ పిల్లలూ చూసుకుంటూ తీరిక దొరికితే కథలు రాసుకునే మామూలు ఇల్లాలిని. కాకపోతే కాలు విరిగిన పిల్లవాడి తల్లిని. అందుకే ఆ జానెడు దూరం నాకు బాగా తెలుసు.

పిల్లల్ని బండి మీద ఎక్కించుకోవడానికి మన దేశంలో ఒక నిబంధన ఉందని మీలో ఎంతమందికి తెలుసు? కేంద్ర ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో ప్రకటించింది, 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లోకి వచ్చింది. నాలుగేళ్ల లోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్లాలంటే బండి నడిపేవారికీ బిడ్డకూ కలిపి కట్టే పట్టీల జాకెట్టు ఉండాలి. తొమ్మిది నెలలు దాటిన బిడ్డ తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి. బండి గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. నాలుగేళ్లు నిండినవాళ్లకు ఎటూ పెద్దవాళ్లతో సమానంగా హెల్మెట్ ఉండాల్సిందే. మంచి నిబంధనే. మా ఊళ్లో అలాంటి జాకెట్టు వేసుకున్న బిడ్డను నేనింతవరకూ చూడలేదు, అది వేరే సంగతి.

దానికంటే పాతది ఇంకొకటుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం. వెనక మనిషి కూర్చునే ఏ బండికైనా పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, వెనక చక్రంలో కనీసం సగం కప్పేలా ఒక అడ్డు ఉండాలంటుంది. ఎందుకట? వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో చిక్కుకోకుండా! మనం శారీ గార్డు అని పిలుచుకునే కమ్మీలు అవే. మనం ఒకవైపుకు కూర్చుంటాం గనక అవి ఎడమవైపే ఉంటాయి. కుడివైపు సైలెన్సర్ గొట్టం, దాని పైన తెరిచిన చక్రం.

అంటే చట్టానికి మన చీరకొంగు గుర్తొచ్చింది. తర్వాత బిడ్డ తల గుర్తొచ్చింది. బిడ్డ పాదం మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

నాకూ గుర్తు రాలేదు లెండి, 2018 డిసెంబరు దాకా.

బద్దల కింద వేళ్లు

అనంతసాగరంలో మా ఆడబిడ్డ వాళ్లింట్లో బారసాల. భోజనాలయ్యాక సాయంత్రం నలుగురం ఒకే బండి మీద ఇంటికి బయల్దేరాం. అది తప్పని తెలుసు. తెలిసీ ఎన్నిసార్లు వెళ్లామో లెక్కే లేదు. మావాడికి అప్పుడు ఐదేళ్లు. ఆయనకీ నాకూ మధ్యలో కూర్చుని నిద్రపోయాడు. నిద్రపోతున్న పిల్లల ఒళ్లు ఎంత బరువో మీకు తెలుసుగా. స్పీడు బ్రేకరు దగ్గర బండి ఎగిరి పడ్డప్పుడు వాడు కుడివైపుకు ఒరిగాడు. బండి ఒక్కసారిగా ఆగిపోయింది. ముందు వాడి ఏడుపు వినపడలేదు, చక్రం ఆగిన చప్పుడే వినపడింది. వాడి కుడి పాదం చక్రం పుల్లల మధ్య ఉంది. మడమ చర్మం చెప్పులోంచి తీసినట్టు వెనక్కి లేచిపోయింది. చీలమండ పైన కాలు ఉండాల్సిన తీరులో లేదు.

రోడ్డున పోయేవాళ్లు ఆగి చక్రం వెనక్కి తిప్పారు. అలా తిప్పకూడదట. బండి కదలకుండా పట్టుకుని, వీలైతే పుల్లలు వంచో కోసో పాదాన్ని తీయాలట. తర్వాత తెలిసింది. పోగైనవాళ్లలో ఒక పెద్దాయన, "ఆసుపత్రికి పోతే కోస్తారు, రాడ్లేస్తారు. ఫలానా ఊళ్లో కట్టు బాగా కడతాడు" అన్నాడు. మా ఆయన నా మొహం చూశారు. నేను ఆయన మొహం చూశాను. కోస్తారన్న మాట ఇద్దరికీ గుచ్చుకుంది. కట్టుకే పోయాం.

ఆ ఊరి పేరు, ఆ మనిషి పేరు చెప్పను. తెరిచి ఉన్న గాయం మీదే ఏదో పసరు రాసి, వెదురు బద్దలు పెట్టి, గట్టిగా గుడ్డ చుట్టాడు. "వదులైతే ఎముక కదుల్తాది" అన్నాడు. సాయంత్రం ఆరింటికి కట్టిన కట్టు. ఎనిమిదింటికి వాడి ఏడుపు పెరిగింది. తొమ్మిదింటికి ఇంకా పెరిగింది. మా అత్తగారు, "ఎముక ఇరిగితే నొప్పుండదా? తెల్లారేతలికి తగ్గతాది" అని ధైర్యం చెప్పారు. అదే నోటితో, "ఏందమ్మే, బిడ్డ కాలు యాడుందో చూసుకోవద్దా?" అని ఒక మాటా అన్నారు. ఆ మాట నేను మర్చిపోలేదు. అన్నందుకు కాదు, నేనూ అదే అనుకుంటున్నందుకు.

పదకొండింటికి పక్కింటి నర్సమ్మ డ్యూటీ దిగి వస్తూ ఏడుపు విని లోపలికొచ్చింది. కట్టు వైపు చూడలేదు. కట్టు చివర బయటికి కనిపిస్తున్న వేళ్లు చూసింది. ఉబ్బి, నీలంగా, చల్లగా ఉన్నాయి. బొటనవేలిని మెల్లగా పైకి అంటే చాలు, వాడు ఇల్లెగిరిపోయేట్టు అరిచాడు. "అక్కా, కత్తెర తే" అంది. మా అత్తగారు వద్దంటున్నా వినకుండా కట్టు పైనుంచి కిందిదాకా కోసేసింది. రాత్రికి రాత్రే నెల్లూరు.

కాలు దక్కింది. మడమకు తొడ చర్మం తీసి అతికించారు. ఇప్పుడు వాడు హైస్కూలుకి పోతున్నాడు, పరిగెత్తుతాడు. కుడి బొటనవేలు మాత్రం ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. చెప్పు వేసుకునేటప్పుడు రోజూ చూస్తాను.

ఆ రోజు డాక్టరు గారు చెప్పిన సంగతి నాకు బాగా పట్టుకుంది. ఎముక సంగతి తనకంత దిగుల్లేదన్నారు. చిన్నపిల్లల ఎముక పచ్చికొమ్మ లాంటిదట. పుటుక్కున రెండుగా విరగదు, ఒక్కోసారి ఒకవైపు చీలి రెండోవైపు వంగుతుందంతే. దాని చుట్టూ ఉండే పొర మందంగా ఉంటుంది, రక్తం బాగా పారుతుంది, అందుకే త్వరగా అతుక్కుంటుంది. ఐదారేళ్ల లోపు పిల్లల తొడ ఎముక విరిగినా చాలామందికి ఆపరేషన్ లేకుండా, నడుం దగ్గర్నుంచి పిండికట్టు వేస్తే నెలన్నర, రెండు నెలల్లో అతుక్కుంటుంది. భయపడాల్సింది కండ గురించి. దెబ్బ తగిలిన కాలు లోపల్లోపల ఉబ్బుతుంది. పైన కట్టు ఉబ్బనివ్వకపోతే రక్తం లోపలికి పోదు. రక్తం అందని కండ ఆరేడు గంటల్లో చచ్చిపోవడం మొదలెడుతుంది. చచ్చిన కండ మళ్లీ రాదు.

మా అత్తగారు అన్నట్టు ఎముక విరిగితే నొప్పి ఉంటుంది. కానీ కట్టు కట్టాక, కదలకుండా పడుకోబెట్టాక ఆ నొప్పి తగ్గాలి. పెరుగుతోందంటే కట్టు కింద వేరే ఏదో జరుగుతోందని అర్థం. నాటు కట్టయినా, ఆసుపత్రి పిండికట్టయినా ఇంతే. వేళ్లు చల్లబడటం, రంగు మారడం, తిమ్మిరి, వేలు కదిలిస్తే ప్రాణం పోయేంత నొప్పి... వీటిలో ఏది కనపడినా తెల్లారేదాకా ఆగకూడదు. నీలం రంగు కనపడేదాకా కూడా ఆగకూడదు. అది ఆఖర్న వచ్చే గుర్తు.

వార్డులో పదకొండు రోజులు

నెల్లూరు ఆసుపత్రిలో పదకొండు రోజులున్నాం. పనేముంది? పక్క మంచాల తల్లులతో మాట్లాడటమే. నాలుగోరోజు నుంచి ఒక నోటుబుక్కులో రాసుకోవడం మొదలెట్టాను. కథలకి పనికొస్తాయని కాదు, నిజంగా. నా ఒక్కదాని తప్పేనా అని తెలుసుకోవాలనిపించింది.

మా పక్క మంచంలో రెండేళ్లు నిండని పాప. పార్కులో జారుడుబల్ల మీద ఒంటరిగా జారితే పడిపోతుందేమోనని తల్లి ఒళ్లో కూర్చోబెట్టుకుని జారింది. పాప బూటు బల్ల అంచుకు పట్టేసింది. పాప కాలు ఆగింది, తల్లి బరువు ఆగలేదు. మోకాలి కింద ఎముక మెలితిరిగినట్టు విరిగింది. "నేను ఒళ్లో పెట్టుకున్నాను కదక్కా, నేను పట్టుకునే ఉన్నాను కదా" అని ఆ పిల్ల, ఇరవై మూడేళ్లుంటాయేమో, మాటిమాటికీ అనేది. తల్లి చేతుల్లో ఉండగా కాలెలా విరిగిందో ఆమెకే కాదు, ఆమె అత్తింటివాళ్లకీ అర్థం కాలేదు. అర్థం కాకపోతే ఏం చేస్తారు? తిట్టారు. నాకూ అప్పుడు వింతగానే అనిపించింది. ఇది ప్రపంచమంతా జరిగేదేనని తర్వాత చదివాను. అమెరికాలో 2002 నుంచి 2015 దాకా ఆరేళ్ల లోపు పిల్లలు మూడున్నర లక్షల మంది జారుడుబల్లల దగ్గర గాయపడ్డారని లెక్కగట్టారు. వాటిలో అన్నిటికంటే ఎక్కువ ఎముకలు విరగడం, అందులోనూ మోకాలి కింద. పెద్దవాళ్ల ఒళ్లో కూర్చోవడం వాటికి ముఖ్యమైన కారణం. బిడ్డ ఒక్కతే జారితే పాదం తట్టుకున్నా తన బరువు వరకే కాలి మీద పడుతుంది, ఆగిపోతుంది. ఒళ్లో ఉంటే మన అరవై కిలోలూ పడతాయి. చాతకానిది జారకపోతే మానె, ఒళ్లో మాత్రం వద్దు.

ఈ వయసు పిల్లల్లో ఇంకో చిక్కుంది. నడక వచ్చీ రాని పిల్ల చాపలో కాలు తట్టుకుని మెలికపడినా ఇదే ఎముక సన్నగా చీలుతుంది. వాపుండదు, నలుపుండదు. మొదటి రోజు ఎక్స్‌రేలో కూడా కనిపించకపోవచ్చు. పది పన్నెండు రోజులకు కొత్త ఎముక పట్టాక గీత తెలుస్తుంది. నిన్నటిదాకా నడిచిన బిడ్డ ఇవ్వాళ కాలు కింద పెట్టనంటే "గారాబం" అని కొట్టిపారేయకండి. జ్వరం కూడా ఉంటే అసలు ఆగకండి, అది విరుపు కాదు, ఎముకకు చీము పట్టడం కావచ్చు.

ఎదుటి వరసలో తొమ్మిదేళ్ల కుర్రాడు. మిద్దె మీద గాలిపటం ఎగరేస్తూ వెనక్కి నడిచి పడ్డాడు. పిట్టగోడ లేదు. ఎందుకు లేదు? ఎప్పటికైనా పైన ఇంకో అంతస్తు వేద్దామని ఇనప కమ్మీలు పైకి వదిలి, పిట్టగోడ దండగని మానేశారు. మన ఊళ్లలో ఇలాంటి మిద్దెలు ఎన్ని లేవు? మా వీధిలో నేను ఎంచాను, ఏడు. పైకి లేచిన ఆ కమ్మీలు ఏళ్లతరబడి తుప్పు పట్టిపోతుంటాయి. బిడ్డలు మాత్రం ఆ ఏళ్లలోనే అక్కడ ఆడుకుంటారు. వడియాలు పెట్టుకోవడానికి మనమూ అక్కడికే పోతాం, ఆడుకోమని వాళ్లనీ అక్కడికే తోలతాం.

కిటికీ పక్కన పన్నెండేళ్ల అమ్మాయి. బడి నుంచి వస్తూ మెయిన్ రోడ్డు దాటుతుంటే కారు కొట్టింది. తొడ ఎముక. నడకొచ్చిన పసివాళ్లకు తొడ ఎముక ఇంట్లో పడితే విరుగుతుందట, పెద్దపిల్లలకు రోడ్డు మీద. మధ్య వయసువాళ్లకు మిద్దెలూ చెట్లూ. అన్ని వయసుల్లోనూ మగపిల్లలే ఎక్కువ, బయట తిరిగేది వాళ్లు గనక. కానీ ఆ అమ్మాయి మంచం దగ్గర మాత్రం ఏడుపు వేరే రకం. వాళ్లమ్మ అడిగేది ఒకటే ప్రశ్న, "కుంటి వస్తుందా సార్?" పన్నెండేళ్ల పిల్లకి పెళ్లి సంగతి అప్పుడే మొదలైంది.

ఆవిడ భయాన్ని నవ్వి కొట్టిపారేయడానికి లేదు. పిల్లల ఎముకలకు రెండు చివర్లా మెత్తని పలక లాంటిది ఉంటుంది. కాలు పొడుగు పెరిగేది అక్కడే. విరుపు ఆ పలక మీదుగా పోతే, ముఖ్యంగా మోకాలి దగ్గరా చీలమండ దగ్గరా, ఆ కాలు పొట్టిగా ఉండిపోవచ్చు, పక్కకు వంకర తిరగొచ్చు. అది వెంటనే తెలీదు. ఏడాదో రెండేళ్లో గడిచాక బయటపడుతుంది. కట్టు విప్పాక "అయిపోయింది" అనుకుని మనం ఆసుపత్రి మొహం చూడం. అక్కడే దెబ్బతింటాం. విరుపు తొడ మధ్యలో అయితే దీనికి తలకిందులు. రెండేళ్ల నుంచి పదేళ్ల పిల్లలకు విరిగిన కాలే రక్తం ఎక్కువ పారి ఓ సెంటీమీటరు దాకా అదనంగా పెరుగుతుంది. మామూలుగా దాంతో ఇబ్బందేమీ ఉండదు.

ఇక చివరి మంచం. దాని గురించి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను.

ఐదు నెలల బిడ్డ. ఇంకా బోర్లాపడటమే సరిగ్గా రాలేదు. తొడ ఎముక విరిగింది. ఎలా విరిగిందంటే నాయనమ్మ ఒకటి చెప్పింది, తండ్రి ఒకటి చెప్పాడు. తల్లి ఏమీ చెప్పలేదు. గోడ వైపు తిరిగి కూర్చునేది. డాక్టర్లు ఆమెను ఒంటరిగా పిలిచి చాలాసేపు మాట్లాడారు. కాళ్ల మీద వేసుకుని స్నానం పోసేటప్పుడు గట్టిగా లాగారా, మంచం మీద నుంచి జారిందా, కడుపులో ఉన్నప్పుడు ఏమన్నా జబ్బు చెప్పారా అని అడిగారు. బిడ్డకు మిగతా ఎముకలకు కూడా ఎక్స్‌రేలు తీశారు. పెళుసు ఎముకల జబ్బుతో పుట్టే బిడ్డలుంటారు, వాళ్లకు ఎత్తుకుంటేనే విరుగుతాయి. అదీ కావచ్చు. కానీ నడక రాని బిడ్డ కాలు దానంతటది విరగదు. ఎవరి చేతిలోనో విరుగుతుంది, లేకపోతే జబ్బుతో విరుగుతుంది. డాక్టరు అన్ని ప్రశ్నలు వేస్తే మనకు కోపమొస్తుంది, "మమ్మల్ని అనుమానిస్తారా" అని. ఆ ప్రశ్నలు బిడ్డ తరఫున వేస్తారు, ఎందుకంటే బిడ్డకు మాటలు రావు. ఒక్కోసారి తల్లికీ రావు.

వాళ్లు మూడోరోజు ఇంటికి వెళ్లిపోయారు. ఏం తేలిందో నాకు తెలీదు. పిల్లల సహాయానికి 1098 అని ఒక నంబరు ఉందని, డబ్బు కట్టకుండానే ఫోను చేయొచ్చని అప్పుడు నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఆమె చేతిలో ఒక చీటీ పెట్టి ఉండేదాన్ని.

కట్టు దగ్గరికి ఎందుకు పోతాం?

చదువుకున్నదానివి, నువ్వెలా పోయావని నన్ను చాలామంది అడిగారు. పట్నంవాళ్లు ముఖ్యంగా. మా వైపు నుంచి చూస్తే అదంత వింత కాదు.

పుత్తూరు కట్టు పేరు వినని తెలుగిల్లు ఉండదు. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక అది తిరుపతి జిల్లాలో చేరింది గానీ, మనకి చిత్తూరు జిల్లా పుత్తూరుగానే అలవాటు. ఊరి పక్కన రాచపాళెంలో ఒక కుటుంబం 1881లో మొదలెట్టిందని చెప్పుకుంటారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. మా తాతగారి చేయి అక్కడే అతుక్కుంది. ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆ పేరు పెట్టుకుని రాష్ట్రమంతా బోర్డులు వెలిశాయి. బోర్డు రాయించుకున్న ప్రతివాడూ అక్కడ నేర్చుకుని వచ్చాడో లేదో అడిగేవాళ్లు లేరు.

మనం వెళ్లేది మూఢనమ్మకంతో కాదు. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. కూలికి పోయే తల్లి ఆసుపత్రిలో పది రోజులుంటే ఇంట్లో మిగతా పిల్లలకి వండేదెవరు? 2007 నుంచి ఆరోగ్యశ్రీ వచ్చి ఆపరేషన్ ఖర్చు చాలావరకు తప్పింది, నిజమే. కానీ వెంట ఉండే మనిషి తిండికీ, పోయిన కూలికీ కార్డు లేదు. కట్టు కట్టేవాడు వందల్లో తీసుకుని అరగంటలో పంపిస్తాడు, కోస్తానని భయపెట్టడు. పైగా అతని దగ్గర అతుక్కున్న కాళ్లు ఊళ్లో కళ్లెదుట తిరుగుతుంటాయి.

అక్కడే మనం మోసపోతాం. పిల్లల ఎముక సరిగ్గా నిలబెడితే ఎవరు కట్టినా అతుక్కుంటుంది, అది వాళ్ల వయసు చేసే పని. వంద కాళ్లు అతికిన పేరు కట్టువాడికి వస్తుంది. నూటొకటో కాలు నల్లబడితే ఆ పేరు మాత్రం తల్లికి వస్తుంది, "ఆలస్యం చేసింది, సరిగ్గా చూసుకోలేదు" అని. గాయం తెరుచుకుని ఉన్నా, కీలు దగ్గర విరిగినా, వేళ్లు చల్లగా ఉన్నా కట్టు చోటు కాదది, ఆసుపత్రే. ఆ మాట నిజాయితీగా చెప్పి వెనక్కి పంపే కట్టువాళ్లూ ఉన్నారు. మాకు దొరికినతను అలా చెప్పలేదు.

దారిలో చేయాల్సింది చాలా తక్కువ. కాలు ఎలా ఉంటే అలాగే ఉంచి, కింద దిండో మడిచిన పాత పేపర్ల కట్టో పెట్టి వదులుగా గుడ్డతో కట్టాలి. లాగి సరిచేయకూడదు, నూనె రాసి తోమకూడదు. గాయం ఉంటే శుభ్రమైన గుడ్డ కప్పాలి. ఏడుస్తున్నాడని పాలూ బిస్కెట్లూ పెట్టొద్దు. మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి. 108కి ఫోను చేయాలి. ఇంతే. మేం వీటిలో ఒక్కటీ చేయలేదు. పాలు కూడా పట్టాం.

ఉదయగిరి వైపు నీళ్లు

పడమటి మండలాల గురించి ఒక్క మాట చెప్పకపోతే ఈ లెక్క పూర్తికాదు. ఉదయగిరి, వరికుంటపాడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు సంగతి మనకి కొత్త కాదు. దేశంలో ఈ జబ్బును మొట్టమొదట వైద్యులు 1937లో రాసి పెట్టింది మన పాత నెల్లూరు జిల్లా నుంచే. దర్శి, పొదిలి అప్పుడు మన జిల్లాలోవే, 1970లో ప్రకాశం జిల్లాకు వెళ్లాయి. లీటరు నీళ్లలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చు. అంతకు మించితే పళ్లకు గారలు, పెద్దయ్యాక నడుం బిగుసుకుపోవడం. తిండిలో కాల్షియం తక్కువైన పిల్లలకైతే మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేలా కాళ్లు వంకర్లు తిరుగుతాయి. నల్గొండ వైపు పిల్లల్లో దీన్ని 1970ల్లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు రాశారు.

ఇది విరుపు కాదు. పడకుండానే కాలు పాడయ్యే దారి. "పెరిగేకొద్దీ సర్దుకుంటుందిలే" అని ఇళ్లలో అంటుంటారు. రెండు మూడేళ్ల పిల్లలకు కాళ్లు కాస్త వంకరగా ఉండి సర్దుకోవడం మామూలే. ఏడేళ్లు దాటినా అలాగే ఉంటే, రోజురోజుకీ పెరుగుతుంటే సర్దుకునేది కాదు. ఇంకో సంగతి, నీళ్లు కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. చేతిలో ఉన్న మందు తిండే. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అంతే బరువు ఆవుపాలలో ఉండేదానికి మూడు రెట్లు దగ్గర. మన అమ్మమ్మలు రాగిసంకటి పెట్టింది పేదరికంతోనే కావచ్చు, మన పిల్లల చేతిలో బిస్కెట్ ప్యాకెట్ పెట్టింది మాత్రం మనం డబ్బులిచ్చి.

మా ఇంట్లో బండి

వార్డు నుంచి వచ్చాక మా ఆయన బండిని మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లి కుడివైపు చక్రానికి ఇనప జల్లెడ లాంటిది బిగించమన్నారు. "ఎందుకు సార్, బండి అందం పోతాది" అన్నాడట అతను. తర్వాత కారణం విని డబ్బులు వద్దన్నాడట. ఎడమవైపు శారీ గార్డు సందులు కూడా పిల్లవాడి పాదం దూరేంత పెద్దవే, వాటికీ జల్లెడ వేయించాం. అల్లాయ్ చక్రమైతే ఫరవాలేదని కొందరంటారు. పుల్లలు తక్కువే గానీ సందు సందే. నలుగురం ఒకే బండి మీద పోవడం మానేశాం. మానేశామంటే, పెళ్లికి పోవాలంటే నేనూ పెద్దదీ బస్సులో వెళ్తాం, ఒక్కోసారి గంటన్నర బస్టాండులో నిలబడతాం, ఒక్కోసారి నేను పోవడమే మానేస్తాను. బస్సు లేని ఊరికి ఏం చేస్తారంటే నా దగ్గర సమాధానం లేదు. నలుగురి సంసారానికి ఒకే బండి కొనగలిగినవాళ్లను "చట్టం తెలీదా" అని గద్దించడం తేలిక.

ఆ 123వ నియమంలో "బట్టలు" అన్నచోట "బట్టలు, పాదాలు" అని ఒక్క మాట కలిపితే ఏమవుతుంది? బండి ఫ్యాక్టరీలోంచి వచ్చేటప్పుడే రెండువైపులా సన్నని జల్లెడతో వస్తుంది. మెకానిక్కును బతిమాలక్కర్లేదు. దానికి అయ్యే ఖర్చు మావాడి మడమ మీద అతికించిన చర్మం ఖర్చులో ఎన్నో వంతో నేను లెక్క కట్టలేదు.

మొన్న శనివారం బస్టాండు దగ్గర కూరగాయలు కొంటుంటే ఒక బండి నా పక్కనే ఆగింది. భార్యాభర్తలు, మధ్యలో మూడేళ్ల పిల్ల. పాప కుడికాలు చక్రం పక్కన ఊగుతోంది, కాలికి చిన్న వెండి పట్టీ. ఉండబట్టలేక, "అమ్మాయ్, పాప కాలు కొంచెం లోపలికి పెట్టమ్మా, చక్రంలో పడతాది" అన్నాను.

ఆ పిల్ల కోప్పడలేదు. కిందికి ఒంగి చూసింది. పాప పాదం పట్టుకుని అటు పెట్టబోయింది, ఇటు పెట్టబోయింది. తర్వాత నా వైపు చూసి, "యాడ పెట్టేదక్కా? పెట్టేదానికి చోటేదీ?" అంది.

పాప పాదాన్ని అరచేతిలో పట్టుకునే ఉంది. బండి కదిలింది.